సోల్‌సిల్వర్‌లో హెవీ బాల్: లూగియా కోసం వాడాలా, హో-ఓహ్ కోసం దాచాలా?

మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. బావ ఇచ్చిన పాత డీఎస్‌లో ఆయన పోకెమాన్ సోల్‌సిల్వర్ ఆడుతున్నారు. ఆటలో బంతులు చేసిచ్చే కర్ట్ తాత చేత చేయించుకున్న హెవీ బాల్స్‌లో (బరువైన పోకెమాన్‌లను పట్టేందుకని చేసిన బంతులు) తొమ్మిది మిగిలాయి. లేక్ ఆఫ్ రేజ్‌లోని ఎర్ర గ్యారడోస్ మీద విసిరినవన్నీ విఫలమై, చివరికి అది అల్ట్రా బాల్‌లో పడింది. వనపర్తిలోని స్నేహితుడేమో తన స్విచ్‌లో హెవీ బాల్‌కు తిరుగే లేదంటున్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పాత గైడేమో హో-ఓహ్ మీద వాడినా నష్టం లేదంటోంది. ఎనిమిదో బ్యాడ్జి వచ్చింది, అరుదైన పోకెమాన్ లూగియా ఎదురుపడబోతోంది. మిగిలిన తొమ్మిది బంతులను దాని మీద వాడాలా, ఆ తరువాత వచ్చే హో-ఓహ్ కోసం దాచాలా, లేక ఈ బంతి ఎందుకూ పనికిరానిదా అని అడిగారు.

లూగియా మీద నిస్సంకోచంగా వాడండి, హో-ఓహ్ మీద ఒక్కటి కూడా విసరకండి. లూగియా బరువు 216 కిలోలు, హో-ఓహ్ బరువు 199 కిలోలు. రెండింటి క్యాచ్ రేట్ (ఎంత సులువుగా పట్టుబడుతుందో చెప్పే అంకె) ఒకటే, 3. మధ్యలో ఉన్న ఆ 17 కిలోల తేడా వల్ల ఒకదాని మీద హెవీ బాల్ మీ సంచిలోని అన్ని బంతులకన్నా మెరుగైనదవుతుంది (తప్పకుండా పట్టే మాస్టర్ బాల్ సంగతి వేరు), రెండోదాని మీద మామూలు పోకే బాల్ కన్నా హీనమవుతుంది. నేను నల్లగొండలో ఇంటర్ పిల్లలకు గణితం చెబుతాను కాబట్టి లెక్క చూపించకుండా తీర్పు చెప్పడం నాకు నచ్చదు. ఓపికగా చదివితే గ్యారడోస్ దగ్గర ఏం జరిగిందో కూడా అందులోనే తేలుతుంది.

ప్రతి పోకెమాన్‌కు ఆటలో క్యాచ్ రేట్ అనే ఒక అంకె ఉంటుంది. అది 3 నుంచి 255 వరకు ఉంటుంది. కేటర్‌పీ, పిడ్జీ వంటి వాటికి 255, గ్యారడోస్‌కు 45, స్నోర్‌లాక్స్‌కు 25, లూగియా వంటి లెజెండరీలలో చాలావాటికి 3. మీరు విసిరే బంతులలో దాదాపు అన్నీ ఈ అంకెను గుణిస్తాయి: గ్రేట్ బాల్ ఒకటిన్నర రెట్లు చేస్తుంది, అల్ట్రా బాల్ రెండు రెట్లు చేస్తుంది, మీ ఆటలో డస్క్ బాల్ రాత్రిపూట గానీ గుహలో గానీ మూడున్నర రెట్లు చేస్తుంది. హెవీ బాల్ మాత్రం ఏ గుణకారమూ చేయదు. ఎదురుగా ఉన్న పోకెమాన్ బరువు చూసి, దాని క్యాచ్ రేట్‌కు ఒక స్థిరమైన అంకెను కలుపుతుంది లేదా తీసివేస్తుంది. ఈ బంతి గురించి ఆటగాళ్లలో ఉన్న అపోహలలో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల పుట్టినవే.

కలపడానికి, గుణించడానికి ఉన్న తేడా మన జిల్లాలో వడ్లు అమ్మినవారికి చెప్పనక్కరలేదు. సన్నవడ్లకు 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన క్వింటాలుకు 500 రూపాయల బోనస్, అప్పట్లో రెండు వేల మూడు వందల చిల్లర ధర పలికిన వడ్ల మీద చెప్పుకోదగ్గ పెరుగుదల. అదే 500 రూపాయలను క్వింటాలు ఏడు వేలు దాటిన పత్తికి కలిపితే అంతగా కనబడదు. హెవీ బాల్ ఇచ్చే అంకె కూడా అంతే: మూలంలో ఉన్న క్యాచ్ రేట్ ఎంత తక్కువైతే దాని ప్రభావం అంత ఎక్కువ.

ఇందులోంచి ఒక సులువైన నియమం వస్తుంది. హెవీ బాల్ కలిపే అంకె ఆ పోకెమాన్ క్యాచ్ రేట్ కన్నా పెద్దదైతేనే అది అల్ట్రా బాల్‌ను మించుతుంది, ఎందుకంటే అల్ట్రా బాల్ చేసే రెండు రెట్లు అంటే ఉన్న క్యాచ్ రేట్‌ను మరోసారి కలపడమే. డస్క్ బాల్ పనిచేసే చోట దాన్ని మించాలంటే కలిపే అంకె క్యాచ్ రేట్‌కు రెండున్నర రెట్లకన్నా ఎక్కువ ఉండాలి. హెచ్‌పీ (పోకెమాన్‌లో మిగిలిన ప్రాణశక్తి) ఎంత తగ్గించారు, నిద్రపుచ్చారా లేదా అన్న విషయాలు ఈ పోలికను మార్చవు; అవి అన్ని బంతులకూ సమానంగా వర్తించే గుణకాలు, బంతి తన పని చేసిన తరువాత వచ్చి చేరేవి.

ఇప్పుడు మీ గ్యారడోస్ సంగతి చూడండి. దాని బరువు 235 కిలోలు కాబట్టి హెవీ బాల్ 20 కలుపుతుంది, 45 కాస్తా 65 అవుతుంది. అల్ట్రా బాల్ అదే 45ను 90 చేస్తుంది. గ్రేట్ బాల్ సైతం 67.5 చేస్తుంది, అంటే దుకాణంలో దొరికే రెండో రకం బంతి కూడా కర్ట్ చేతి పనికన్నా మెరుగ్గా పనిచేసేది. బరువైన పోకెమాన్ కదా అని హెవీ బాల్ తీయడం సహజమే, ఆటలో దాని వర్ణన కూడా అలాగే ఊరిస్తుంది, కానీ 45 క్యాచ్ రేట్ ఉన్న దేని మీదా ఆ బంతి మీ ఆటలో అల్ట్రా బాల్‌ను గెలవలేదు. యూనియన్ కేవ్ అడుగున శుక్రవారం కనబడే లాప్రస్ 220 కిలోలు, ఒనిక్స్ 210 కిలోలు. రెండింటికీ 45 రేటే కాబట్టి అక్కడా ఇదే ఫలితం వస్తుంది.

బరువు హద్దుల విషయానికి వస్తే, హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆటలలో అవి ఇలా ఉన్నాయి: 204.8 కిలోల లోపు ఉన్నవాటికి 20 తగ్గుతుంది. అక్కడి నుంచి 307.2 కిలోల వరకు 20 పెరుగుతుంది, 409.6 కిలోల వరకు 30, ఆపైన 40 పెరుగుతుంది. ఈ అంకెలు వింతగా కనిపిస్తాయి గానీ వాటి వెనుక తర్కం ఉంది. ఆట బరువును కిలోలో పదో వంతు లెక్కన చూస్తుంది కాబట్టి 204.8 కిలోలంటే 2048, మిగతా రెండు 3072, 4096. మూడూ 1024 గుణిజాలే. కంప్యూటర్‌కు పోల్చడానికి సులువైన హద్దులు అవి. మనకు 200, 300, 400 అని ఉంటే బాగుండేది, మొదట రాసినవారికి ఇది బాగుంది.

ఆ మొదటి హద్దు చాలా కఠినమైనది. 204.8 కిలోల కింద ఉన్న ప్రతి పోకెమాన్‌కూ 20 కోత పడుతుంది, మధ్యలో సున్నా అనే మెట్టు మీ ఆటలో లేదు. హో-ఓహ్ 199, ఎంటేయ్ 198, స్విక్యూన్ 187, రైకూ 178, మ్యూటూ 122 కిలోలు. చూడడానికి అన్నీ భారీగానే ఉంటాయి, అన్నీ హద్దుకు ఇవతలే ఆగిపోయాయి. 3 నుంచి 20 తీసివేస్తే మిగిలేది ఏమీ లేదు. హో-ఓహ్‌ను చివరి హెచ్‌పీకి తెచ్చి నిద్రపుచ్చి విసిరినా ఒక శాతం అవకాశం కూడా దక్కదు. మీ తొమ్మిది బంతులను దాని కోసం దాచి ఉంటే అది ఉండే బెల్ టవర్ పైన తొమ్మిదీ నేలపాలయ్యేవి.

లూగియా దగ్గర లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 3కు 20 కలిస్తే 23, అంటే ఏడు రెట్లకన్నా ఎక్కువ. మీ ఆటలో పట్టుబడే అవకాశాన్ని దాదాపుగా ఇలా లెక్కించవచ్చు: బంతి సవరించిన క్యాచ్ రేట్‌ను హెచ్‌పీ గుణకంతోను, స్థితి గుణకంతోను గుణించి 255తో భాగించాలి. హెచ్‌పీ నిండుగా ఉంటే గుణకం మూడింట ఒక వంతు, ఒక్క హెచ్‌పీ మిగిలితే దాదాపు ఒకటి. నిద్ర, గడ్డకట్టడం రెండు రెట్లు. పక్షవాతం, విషం, కాలిన గాయం ఒకటిన్నర రెట్లు. లూగియాను ఒక్క హెచ్‌పీకి తెచ్చి నిద్రపుచ్చారనుకుంటే, అల్ట్రా బాల్‌కు అవకాశం 4.7 శాతం, అది వర్ల్ ఐలాండ్స్ గుహలో ఉంటుంది కాబట్టి డస్క్ బాల్‌కు 8.2 శాతం, ముప్పై టర్న్‌లు గడిచి గరిష్ఠానికి చేరిన టైమర్ బాల్‌కు 9.4 శాతం. హెవీ బాల్‌కు 18 శాతం. రెండో స్థానంలో ఉన్న బంతికన్నా దాదాపు రెండింతలు, అదీ ముప్పై టర్న్‌లు వేచి ఉండనవసరం లేకుండా.

ఒక్కో విసురుకు 18 శాతమంటే తక్కువే అనిపించవచ్చు. కానీ తొమ్మిది విసురులలో ఒకటైనా ఫలించే అవకాశం సుమారు 83 శాతం. అదే తొమ్మిది అల్ట్రా బాల్స్‌తో 35 శాతం. అది నిద్రలోనే ఉంటే వచ్చే అంకెలివి. లూగియా మధ్యలో మేలుకుంటే మళ్లీ నిద్రపుచ్చాకే బంతి తీయాలి, మేలుకొని ఉన్నప్పుడు విసిరితే అవకాశం సగానికి పడిపోతుంది. నిద్రను నిలబెట్టగల పోకెమాన్ మీ దగ్గర లేకపోతే పక్షవాతం మంచి ప్రత్యామ్నాయం. అవకాశం 13.5 శాతానికి తగ్గుతుంది గానీ పక్షవాతం తనంతట తాను పోదు, కాబట్టి ప్రతి టర్న్‌నూ బంతి విసరడానికే వాడుకోవచ్చు. నా దృష్టిలో మొదటిసారి ఆడేవారికి పక్షవాతమే తలనొప్పి తక్కువ. విషం మాత్రం వద్దు, ఒక్క హెచ్‌పీ మీద ఉన్నదాన్ని అదే చంపేస్తుంది.

లూగియాకు ప్రెషర్ అనే లక్షణం ఉంది. దాని మీద వాడిన ప్రతి మూవ్‌కూ పీపీ (ఆ మూవ్‌ను ఎన్నిసార్లు వాడవచ్చో చెప్పే అంకె) రెండింతలు ఖర్చవుతుంది. ఎదుటిదాన్ని ఒక్క హెచ్‌పీ దగ్గర ఆపే ఫాల్స్ స్వైప్‌కు 40 పీపీ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. నిద్రపుచ్చే స్పోర్‌కు ఉన్నవి 15 మాత్రమే, అవి ఏడెనిమిది సార్లకు అయిపోతాయి. ఈ రెండు మూవ్‌లనూ ఒకే పోకెమాన్‌కు నేర్పాలంటే రూయిన్స్ ఆఫ్ ఆల్ఫ్ బయట గడ్డిలో దొరికే స్మియర్‌గిల్ సరైనది, స్కెచ్‌తో అది దేనినైనా నకలు చేసుకుంటుంది. లూగియా ముందు నిలబడి సేవ్ చేసుకోవడం మీకు చెప్పనవసరం లేదనుకుంటాను. తొమ్మిదీ అయిపోతే డీఎస్ ఆపి, సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ ఆడండి, తొమ్మిదీ తిరిగి వస్తాయి.

బంతి రెండుసార్లు ఊగి విడిపోయినప్పుడు కొద్దిలో తప్పిందని బాధపడకండి. ఆట ఒక్కో విసురుకు నాలుగు పరీక్షలు పెడుతుంది, నాలుగూ గెలవాలి, ఒక్కో పరీక్షలో గెలిచే అవకాశం పైన చెప్పిన మొత్తం అవకాశానికి నాలుగో మూలం. 18 శాతం విసురులో ఒక్కో పరీక్షకు 65 శాతం వస్తుంది. అందువల్ల ఒకటి రెండు ఊపులు రావడం మామూలే, అది తరువాతి విసురుకు ఏమీ జోడించదు. ఊగేటప్పుడు ఏ బటన్ నొక్కితే పట్టుబడుతుందన్న నమ్మకం మన పాలమూరు పిల్లల్లోనూ ఉంది, జపాన్ పిల్లల్లోనూ ఉండేదట. బటన్‌కూ ఫలితానికీ సంబంధం లేదు.

మాస్టర్ బాల్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఎనిమిదో బ్యాడ్జి తరువాత ప్రొఫెసర్ ఎల్మ్ ఇచ్చిన ఆ ఒక్కదాన్ని లూగియా మీద ఖర్చు చేయవలసిన పని లేదు. రైకూ, ఎంటేయ్ ఊళ్లు తిరుగుతూ ఎదురుపడగానే పారిపోయే రకం, వాటి మీద హెవీ బాల్‌కు కోత పడుతుంది, హెచ్‌పీ తగ్గించే వ్యవధి దొరకదు. మాస్టర్ బాల్‌ను వాటిలో ఒకదానికి ఉంచుకోండి.

లూగియా తరువాత మిగిలిన బంతులు ఎక్కడ వాడాలంటే, మీ ఆటలో తగిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆట రెండో భాగం జరిగే కాంటో ప్రాంతానికి చేరాక వెర్మిలియన్ నగరం పక్కన డిగ్లెట్స్ కేవ్ దారికి అడ్డంగా పడుకున్న స్నోర్‌లాక్స్ 460 కిలోలు; 25కు 40 కలిసి 65 అవుతుంది. నిద్ర, ఒక్క హెచ్‌పీ లెక్కన హెవీ బాల్‌కు 51 శాతం, అల్ట్రా బాల్‌కు 39 శాతం. కానీ రాత్రిపూట వెళ్లి డస్క్ బాల్ విసిరితే 69 శాతం. హెవీ బాల్ అంటే అందరికీ మొదట గుర్తొచ్చే పోకెమాన్ స్నోర్‌లాక్సే, దాని మీదనే అది రెండో స్థానంలో ఉండడం కొందరికి మింగుడుపడదు. నేనైతే స్నోర్‌లాక్స్‌కు డస్క్ బాల్ వాడి, హెవీ బాల్‌ను ఎంబెడెడ్ టవర్‌కు ఉంచుతాను. మిస్టర్ పోకెమాన్ ఇచ్చే రెడ్ ఆర్బ్‌తో సోల్‌సిల్వర్‌లో అక్కడ గ్రౌడన్ వస్తుంది, బరువు 950 కిలోలు, క్యాచ్ రేట్ అతి తక్కువ, కలిసేది 40. ఈ ఆటలో హెవీ బాల్‌కు అంతకన్నా తగిన లక్ష్యం లేదు. హార్ట్‌గోల్డ్ ఆడేవారికి అదే చోట కైయోగర్ వస్తుంది, 352 కిలోలకు 30 కలుస్తుంది. రెండూ ఒకే ఆటలో చేరాక వచ్చే రేక్వేజా 206.5 కిలోలు, హద్దును కిలోన్నర పైచిలుకుతో దాటింది కాబట్టి దానికి 20 దక్కుతుంది.

తొమ్మిది సరిపోవనిపిస్తే ఇప్పటి నుంచే పోగుచేయండి. రూట్ 37లో ఉన్న మూడు చెట్లలో ఒకటి, కర్ట్ హెవీ బాల్ చేయడానికి కావలసిన నల్ల ఏప్రికార్న్ కాయ ఇస్తుంది, చెట్టు రోజుకు ఒకసారే కాస్తుంది. అజేలియా పట్టణంలోని కర్ట్‌కు ఈ ఆటలో ఒకే రంగు కాయలను ఎన్నైనా ఒకేసారి ఇవ్వవచ్చు, మరునాడు అన్ని బంతులూ తయారుగా ఉంటాయి. కాబట్టి వారం పాటు నల్లవి కూడబెట్టి ఒకేసారి ఇవ్వడమే మేలు, ప్రతిరోజూ అజేలియాకు పోనవసరం లేదు. డీఎస్ గడియారాన్ని ముందుకు జరిపి పని త్వరగా చేయించుకోవాలని చూడకండి. గడియారం మార్చినట్టు ఆట గుర్తిస్తుంది, రోజువారీ పనులు ఆగిపోతాయి.

మీరు చూసిన పాత గైడ్ ఎందుకు వేరేగా చెప్పిందో ఇప్పుడు చూద్దాం. హెవీ బాల్ మొదట వచ్చింది 1999 నవంబరులో జపాన్‌లో విడుదలైన గోల్డ్, సిల్వర్ ఆటలలో. అక్కడ కోత హద్దు 102.4 కిలోలే, దాని నుంచి 204.8 వరకు కలపడమూ లేదు, తీయడమూ లేదు. అందువల్ల ఆ ఆటలలో హో-ఓహ్ మీద హెవీ బాల్ మామూలు పోకే బాల్‌లా పనిచేసేది, నష్టం ఉండేది కాదు. 2009లో హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ వచ్చేసరికి ఆ మధ్య మెట్టు పోయింది. ఆట ఊళ్లు, కథ, కర్ట్ అన్నీ అవే కాబట్టి పాత గైడ్‌ను కొత్త ఆటకు పెట్టుకుంటే ఇలాంటి చోట దెబ్బతింటాం.

నిజానికి ఆ తొలి ఆటలలో కర్ట్ బంతుల సగం వాగ్దానాలు అమలే కాలేదు. ప్రోగ్రామ్‌లోని పొరపాట్ల వల్ల లవ్ బాల్ వ్యతిరేక లింగానికి బదులు ఒకే లింగం ఉన్నప్పుడు పనిచేసేది. మూన్ స్టోన్‌తో పరిణమించేవాటికి ఉద్దేశించిన మూన్ బాల్, మూన్ స్టోన్ బదులు బర్న్ హీల్ కోసం వెతికి దేనికీ పనిచేసేది కాదు. పారిపోయే పోకెమాన్‌ల కోసమన్న ఫాస్ట్ బాల్ మాగ్నెమైట్, గ్రైమర్, టాంగెలా మీద తప్ప ప్రభావం చూపేది కాదు. వాటితో పోలిస్తే హెవీ బాల్ నిజాయితీగా పనిచేసింది, కడాబ్రా, టౌరోస్, సన్‌ఫ్లోరా మూడింటి బరువును తప్పు చోటు నుంచి చదవడం ఒక్కటే దానిలో దొరికిన లోపం. ఆ రోజుల అనుభవాన్ని చెప్పేవారు ఏప్రికార్న్ బంతులన్నీ దండగ అంటే, వారి మాటలో కొంత నిజం ఉంది, మీ ఆటకు మాత్రం అది వర్తించదు.

మీరు ముందు ముందు కొత్త ఆటలకు మారితే హద్దులు మళ్లీ మారతాయని గుర్తుంచుకోండి. 2016లో వచ్చిన సన్, మూన్ నుంచి లెక్క గుండ్రని అంకెలలోకి వచ్చింది: 100 కిలోల లోపు 20 తగ్గుతుంది, 200 లోపు మార్పు లేదు, 200 నుంచి 20, 300 నుంచి 30 పెరుగుతుంది, 40 అనే మెట్టు ఎత్తేశారు. లూగియాకు అక్కడా 20 దక్కుతుంది. హో-ఓహ్ కిలో తేడాతో తప్పిపోతుంది, అయితే కోత ఉండదు. స్నోర్‌లాక్స్‌కు 30 మాత్రమే కాబట్టి హెవీ బాల్ 55, అల్ట్రా బాల్ 50. ఆ కాస్త తేడా కోసం అరుదైన బంతిని తీయడం దండగ. స్వోర్డ్, షీల్డ్ ఆటలకు 2020లో చేరిన క్రౌన్ టండ్రాలో రెజిడ్రాగో సరిగ్గా 200 కిలోలు ఉండి 20 అందుకుంటుంది, రెజీఎలెకీ 145 కిలోలతో ఏమీ అందుకోదు, రెజీరాక్ 230, రెజీస్టీల్ 205, రెజీఐస్ 175. అన్నింటికీ క్యాచ్ రేట్ 3 కాబట్టి అక్కడ హెవీ బాల్ ఉందా లేదా అన్నది నిజంగా తేడా చేస్తుంది.

అందరూ బోల్తా పడేది బెల్డమ్ దగ్గర. అది ఉక్కు పోకెమాన్, పెరిగితే 550 కిలోల మెటాగ్రాస్ అవుతుంది, క్యాచ్ రేట్ 3. సన్, మూన్‌లో మౌంట్ హోకులానీ మీద అది కనిపించగానే చేయి హెవీ బాల్ మీదికే పోతుంది. కానీ బెల్డమ్ బరువు 95.2 కిలోలు, కోత పడుతుంది. పైగా దానికి తెలిసిన ఒకే ఒక్క మూవ్ టేక్ డౌన్, కొట్టిన ప్రతిసారీ తనకే గాయం చేసుకుంటుంది కాబట్టి ఎక్కువ బంతులు విసిరే వ్యవధి కూడా ఇవ్వదు. దాని తరువాతి రూపం మెటాంగ్ 202.5 కిలోలు, ఈ కొత్త ఆటలలో అది ఎదురైతే మాత్రం హెవీ బాల్ వాడండి.

కొత్త ఆటలలో ఈ బంతి చేతికి రావడమే కష్టం. స్వోర్డ్, షీల్డ్‌లో ఐల్ ఆఫ్ ఆర్మర్‌లోని క్రామ్-ఓ-మాటిక్ యంత్రంలో నల్ల ఏప్రికార్న్‌లు వేస్తే ఎప్పుడో ఒకసారి వస్తుంది. స్కార్లెట్, వయొలెట్‌లో పోర్టో మారినాడా వేలంపాటలో కనబడుతుంది. అందుకే అక్కడివారు పట్టుకోవడానికన్నా సేకరణ కోసం, బూడిదరంగు బంతి ఉక్కు, రాతి పోకెమాన్‌లకు నప్పుతుందని దాచుకుంటారు. మీరు కర్ట్ దగ్గర రోజూ చేయించుకోగల చోట ఉన్నారు, ఆ పిసినారితనం మీకు అక్కరలేదు. అందం కోసమే వాడాలనుకుంటే ఒక్క హెచ్చరిక: హెవీ బాల్‌లోని పోకెమాన్‌ను సోల్‌సిల్వర్ నుంచి డైమండ్, పెర్ల్, ప్లాటినం ఆటలకు ట్రేడ్ చేస్తే అక్కడ అది మామూలు పోకే బాల్‌లో కనబడుతుంది, ఆ ఆటలకు ఈ బంతి తెలియదు.

చివరగా మీ వనపర్తి స్నేహితుడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, వేరే వస్తువు గురించి చెబుతున్నారు. స్విచ్‌లో ఆడుతున్నది 2022 జనవరిలో వచ్చిన లెజెండ్స్: ఆర్సియస్ అయి ఉంటుంది. అందులో కూడా హెవీ బాల్ అనే పేరు ఉంది, దాని పైన లెడెన్ బాల్, గిగటన్ బాల్ ఉన్నాయి. ఏప్రికార్న్‌నూ బ్లాక్ టంబుల్‌స్టోన్‌నూ కలిపి మనమే తయారుచేసుకుంటాం. అక్కడ బరువైనది బంతి, పోకెమాన్ కాదు. బంతి బరువు వల్ల దూరం పోదు, దగ్గరికి పాకుతూ వెళ్లి, మనల్ని గమనించని పోకెమాన్ మీద, వీలైతే వెనుక నుంచి విసరాలి. అలా విసిరితే పట్టుబడే అవకాశం బాగా పెరుగుతుంది. దూరంగా ఎగిరేవాటికి ఫెదర్ బాల్, వింగ్ బాల్, జెట్ బాల్ ఉంటాయి. ఎదుటి పోకెమాన్ 2 కిలోలా 200 కిలోలా అన్నది ఆ హెవీ బాల్‌కు పట్టదు, కాబట్టి గడ్డిలో నక్కి విసిరిన ఆయన అనుభవం మీ డీఎస్‌లో పనికిరాదు, మీ బరువుల పట్టిక ఆయనకు పనికిరాదు.

హో-ఓహ్ సోల్‌సిల్వర్‌లో 70వ లెవెల్‌లో వస్తుంది. దానికి అల్ట్రా బాల్స్‌తో పాటు టైమర్ బాల్స్ దగ్గర పెట్టుకోండి, పోరాటం ఎలాగూ సాగుతుంది కాబట్టి ముప్పై టర్న్‌ల తరువాత అవే మేలు.